1967 మస్టాంగ్ కన్వర్టిబుల్: జాకీ ఎత్తితే తలుపు పడట్లేదు, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తుప్పు_గుర్రం
1967 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్, 289 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, టూ బ్యారెల్ కార్బ్, సి కోడ్ (ఈ ఇంజిన్‌కి ఫోర్డ్ ఇచ్చిన అక్షరం). ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండి. ఇంజిన్ జామ్. టాపు (మడిచే గుడ్డ కప్పు) స్విచ్ నొక్కితే మోటారు గుయ్యిమంటుంది, ఫ్రేము మాత్రం కదలదు. అసలు బాధ తలుపుతో. నేలమీద ఉన్నప్పుడు డ్రైవర్ తలుపు (ఈ బండికి ఎడమవైపు) పైన వెనక మూల రాసుకుంటూ పడుతోంది. ముందు చక్రం వెనక రైలు (బాడీ అడుగున ఉండే పొడుగు బీమ్) కింద జాకీ పెట్టి ఎత్తితే లాక్ స్ట్రైకర్‌ని అందుకోదు. వారానికి నాలుగైదు గంటలే దొరుకుతాయి, కాబట్టి ఏళ్లు పట్టే పనే. ముందు ఇంజిన్ దింపేసి ఆ పని చేసుకుంటూ ఉంటే సరిపోతుందా?

పాతరేకు
ఇంజిన్ ముట్టుకోకండి. మీ బండి మధ్యలో వంగింది. దానికి విడిగా చాసీ లేదు, టాపు రేకూ లేదు. ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునేవి తలుపుల కింద ఉండే రాకర్ బాక్సులు, ఫ్లోరు, అంతే. రాకర్ లోపల కుళ్లితే మధ్య భాగం కిందికి జారుతుంది, కౌల్ (ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరుండే డబ్బా), వెనక క్వార్టర్ (తలుపు వెనకుండే బాడీ రేకు) పైభాగాలు ఒకదానివైపు ఒకటి వాలతాయి. అందుకే తలుపు సందు పైన ఇరుకు, కింద వెడల్పు. మధ్యలో జాకీ పెడితే దీనికి రివర్స్, అందుకే లాక్ అందట్లేదు.

సందు ఎంతుందో రాయండి. 5 మి.మీ. డ్రిల్ బిట్ వెనక నున్నటి భాగాన్ని తలుపు సందులో పైనుంచి కిందికి జార్చండి. ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎక్కడ వదులుగా ఆడుతుందో తెలిసిపోతుంది. సుమారు 5 మి.మీ. పైనుంచి కింది దాకా ఒకేలా ఉండాలి.

289_తమ్ముడు
సి కోడ్ 289 అంటే 200 హార్స్‌పవర్. దాన్ని మజిల్ కారు అంటే పక్కింటి 390 జీటీ (పెద్ద ఇంజిన్ మస్టాంగ్) నవ్వుతుంది.

చాసీ_రాజు
‘పోనీ కారు’ (మస్టాంగ్ లాంటి చిన్న స్పోర్టీ కార్లకి ఇంగ్లీషు పేరు) అనండి, గొడవ లేదు. అయినా తుప్పు హార్స్‌పవర్ చూసి పట్టదు.

పాతరేకు
రాకర్ పరీక్ష బయటి రేకు మీద చేయకండి, అది కొత్తగా పెయింటు కొట్టి ఉన్నా లోపల ఏమీ ఉండకపోవచ్చు. కార్పెట్ లేపి, లోపలి రాకర్ ఫ్లోరుతో కలిసే అంచు వెంట పదునైన పోకరుతో గట్టిగా నొక్కుకుంటూ వెళ్లండి. తర్వాత కింద పడుకుని ముందూ వెనకా ఉండే టార్క్ బాక్సులు (రాకర్‌ని రైళ్లతో కలిపే రేకు డబ్బాలు) చూడండి. కన్వర్టిబుల్‌లో లోపలి రాకర్ మందమైన రేకు, సీట్ల కింద అదనపు ప్లేటు, ముందు రెండు వైపులా టార్క్ బాక్సులు. హార్డ్‌టాప్ కోసం చేసిన పలచటి రాకర్ కొని వేసేస్తారు కొందరు, చూడ్డానికి అతుకుతుంది. ఏడాదిలో తలుపు మళ్లీ రాసుకుంటుంది.

కౌల్_కాలక్షేపం
రాకర్ చూసే ముందు కౌల్‌లో నీళ్లు పోయండి. ఇది మస్టాంగ్ జబ్బు, 1965 నుంచీ ఉంది. వైపర్ల ముందున్న గ్రిల్ చీలికల్లో మగ్గుతో నిదానంగా, ముందు ఎడమవైపు, తర్వాత కుడివైపు. ఇంకొకరు డ్యాష్ కింద టార్చి పట్టుకుని చూడాలి. లోపల గాలి వచ్చే రంధ్రాల చుట్టూ టోపీలాంటి అంచు ఉంటుంది, అది కుళ్లి నీళ్లు కాళ్ల దగ్గర ఫ్లోరు మీద పడతాయి. ఫ్లోరు మార్చి కౌల్ వదిలేస్తే కొత్త ఫ్లోరుకీ అదే గతి.

తుప్పు_గుర్రం
రెండూ చేశాను. సందు పైన 2 మి.మీ., కింద 8. పోకరు ఎడమ లోపలి రాకర్‌లో మూడు చోట్ల దిగిపోయింది. కుడివైపు గట్టిగానే ఉంది. కౌల్ ఎడమవైపు కారుతోంది, కుడి పొడి. సరే, రేకు పని ముందు అని ఒప్పుకున్నా. కానీ ఇంజిన్ దింపేస్తే బరువు తగ్గి వంగడం తగ్గుతుంది కదా, అప్పుడు వెల్డింగ్ చేస్తే?

వెల్డు_వెంకడు
సరిగ్గా అదే చేయకూడనిది. ఇంజిన్ తీసేసిన బండిలో సందులు అందంగా వస్తాయి, మళ్లీ ఇంజిన్ పెట్టాక పైన మూసుకుపోతాయి. బరువు ఉన్నప్పుడే కొలతలు, బరువు ఉన్నప్పుడే బ్రేసింగు (బాడీ కదలకుండా తాత్కాలికంగా వెల్డు చేసే ఊత ట్యూబులు). స్టాండ్లు వెనక యాక్సిల్ కింద, ముందు లోయర్ ఆర్మ్‌ల (చక్రాన్ని పట్టుకునే కింది సస్పెన్షన్ చేతులు) కింద పెట్టాలి. అంటే చక్రాల మీద నిలబడ్డప్పుడు బరువు ఎలా పడుతుందో అలాగే పడాలి. అప్పుడు బాడీ తన సహజ స్థితిలో ఉంటుంది.

గ్యారేజీ_గూబ
ఒప్పుకోను. ఇంజిన్‌తోనే బ్రేసింగు పెట్టి, తర్వాత ఇంజిన్ తీసి వెల్డు చేయొచ్చు. ఇంజిన్ ముక్కు మీద ఉంటే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర టార్క్ బాక్సు వెల్డింగుకి తల పెట్టడానికే చోటుండదు.

వెల్డు_వెంకడు
అది నిజమే. బ్రేసింగు పడ్డాక తీయొచ్చు. నేను కాదన్నది బ్రేసింగుకి ముందు తీయడాన్ని.

పాతరేకు
బ్రేసింగు గురించి వివరంగా చెప్తా, ఇక్కడ తొందరపడితే మిగతాదంతా తప్పే.

25 మి.మీ. చదరపు ట్యూబు, గోడ మందం 2 మి.మీ. చాలు. ప్రతి వైపూ తలుపు కబ్జా స్తంభం నుంచి వెనక లాక్ స్తంభం దాకా ఒక ట్యూబు, వీలైనంత పైన. తలుపు వేసినప్పుడు తగలకుండా కాస్త లోపలికి. ఎందుకంటే తలుపులు బిగించి ఉంచి, మూసి తెరిచి చూస్తూనే వెల్డింగ్ చేయాలి. తలుపులు తీసి పక్కన పెట్టి రాకర్ మార్చినవాళ్లకి చివర్లో తలుపు ఎందుకు పట్టదో అర్థం కాదు.

ఆ ట్యూబు మధ్యలో కోసి టర్న్‌బకిల్ (తిప్పితే పొడవు పెరిగే, తగ్గే మరల జోడు) వెల్డు చేయండి. మీ సందు పైన 2 ఉంది కాబట్టి రాకర్ కోసే ముందు దాన్ని తిప్పి రెండు స్తంభాల్ని నెమ్మదిగా దూరం తోయండి. పావు చుట్టు తిప్పడం, తలుపు మూయడం, డ్రిల్ బిట్ జార్చడం. తుప్పు రేకు కాబట్టి కటకట చప్పుడొస్తుంది, భయపడకండి, ఆగి మళ్లీ చూడండి. పైనా కిందా 5 వచ్చాక రెండో ట్యూబు కిందిగా వేసి ఫిక్స్ చేయండి. తర్వాత ఎడమ నుంచి కుడికి అడ్డంగా రెండు, వీటి మధ్య ఒక ఎక్స్.

వెల్డు చేసే చోట పెయింటు గీకి బేర్ మెటల్ చేయాలి. కుళ్లిన చోట బ్రేసు అతికించకండి, అది కొత్త రేకుతో పాటు ఊడొస్తుంది.

చాసీ_రాజు
1967 పాంటియాక్ జీటీవో కన్వర్టిబుల్ అయితే ఈ సర్కస్ లేదు. కింద పూర్తి ఫ్రేము, కన్వర్టిబుల్‌కి బాక్స్ చేసిన (నాలుగు వైపులా మూసిన) ఫ్రేము. బాడీ బుష్‌లు మార్చి, షిమ్ములు (పలచటి రేకు బిళ్లలు) ఎక్కించి దించి తలుపు సందు సరిచేసుకోవచ్చు.

289_తమ్ముడు
రాజుగారు ఫ్రేము ఉందని చెప్పడానికి సందు దొరికితే చాలు.

కౌల్_కాలక్షేపం
షెవర్లే క్యామరో వాళ్లు చదువుతుంటే ఒక మాట. 1967, 68 కన్వర్టిబుల్స్‌లో నాలుగు మూలలా బరువైన డబ్బాలుంటాయి, కాక్‌టెయిల్ షేకర్లు అంటారు. లోపల స్ప్రింగు మీద బరువు, బాడీ అదురు తగ్గించడానికి. బరువు తగ్గిద్దామని తీసేస్తే అద్దాల ఫ్రేము వణుకుతుంది.

వెల్డు_వెంకడు
ఇక రాకర్ కోత. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోవద్దు. కుడివైపు బాగుందంటున్నారు కాబట్టి అది మీకు కొలబద్ద. కోసే ముందు కౌల్ కింది మూల నుంచి ఎదురు వైపు వెనక స్తంభం కింది మూల దాకా రెండు డయాగనల్స్ కొలిచి రాసుకోండి. ఆ పాయింట్ల దగ్గర సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి అక్కణ్నుంచే కొలవండి, మీటరు టేపు చివర ఊగితే 2, 3 మి.మీ. తేడా ఇట్టే వస్తుంది.

స్పాట్ వెల్డులు 8 మి.మీ. స్పాట్ కట్టర్‌తో పై పొర వరకే తొలవాలి. కింది పొరకి చిల్లు పడితే అక్కడ రేకు మళ్లీ నింపాలి. కొత్త రేకులో 8 మి.మీ. చిల్లులు ప్రతి 30 నుంచి 40 మి.మీ.కి ఒకటి వేసి ప్లగ్ వెల్డు (చిల్లుని నింపుతూ కింది రేకుకి అతికించే వెల్డు). వెల్డింగ్ త్రూ ప్రైమర్ (వెల్డింగ్‌కి ముందు కొట్టే జింకు ప్రైమర్) రెండు ముఖాలకీ కొట్టండి గానీ చిల్లు లోపల మాత్రం గీకేయండి. జింకు కాలితే వెల్డు పొక్కులు పొక్కులుగా వస్తుంది, పొగ కూడా మంచిది కాదు.

మిగ్ మెషిన్‌కి 0.6 వైరు, ఆర్గాన్ 75, కార్బన్ డయాక్సైడ్ 25 గ్యాసు. 0.8 వైరుతో పలచటి ఫ్లోరు రేకు కాలి చిల్లు పడుతుంది. బట్ జాయింటులో (రేకు అంచుకి అంచు ఆనే చోట) ఒక టాకా (చిన్న చుక్క వెల్డు) వేశాక 25 మి.మీ. కాదు, ఒక జాన దూరం జరిగి ఇంకోటి, మళ్లీ వెనక్కి వచ్చి మధ్యలో. చెయ్యి పెట్టి వేడి చూడండి. చెయ్యి ఆనించలేకపోతే ఆగండి. ఒకే గీతగా లాగేస్తే రేకు అప్పడంలా లేస్తుంది.

నిదానం
దాన్ని సరిచేయడం ఆ తర్వాత ఆరు వారాల లప్పం పని.

గ్యారేజీ_గూబ
లప్పం అంటే గుర్తొచ్చింది. లప్పం నేరుగా రేకు మీద వద్దు. రేకు శుభ్రం చేసిన రోజే ఎపాక్సీ ప్రైమర్, దానిమీద లప్పం, దానిమీద మళ్లీ ఎపాక్సీ. నెమ్మదిగా చేసేవాళ్లు ఒకేసారి బాడీ మొత్తం బేర్ చేస్తారు, రెండు వారాలకి ఒంటిమీద చెమటకాయల్లా తుప్పు చుక్కలు. ఒక ప్యానెల్ బేర్ చేస్తే అదే రోజు ప్రైమర్ పడాలి. సర్ఫేసర్ ప్రైమర్ ఒక్కటే వేసి నెలలు వదలొద్దు, అది తేమ పీలుస్తుంది. ఎపాక్సీ పీల్చదు.

టూకే పెయింటులో (హార్డెనర్ కలిపే రెండు భాగాల పెయింటు) ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి విషం. ఇంట్లో కొట్టేవాళ్లు బయటి గాలి అందించే మాస్కు లేకుండా కొట్టొద్దు, దీనిమీద చర్చ లేదు.

తుప్పు_గుర్రం
కౌల్ కూడా ఇప్పుడే కోయాలా? డ్యాష్ మొత్తం విప్పాలి కదా.

కౌల్_కాలక్షేపం
రెండు దారులు. పై కౌల్ రేకు స్పాట్ వెల్డులు తొలిచి ఎత్తేసి కొత్త టోపీలు వెల్డు చేయడం సరైన పని, వందకు పైగా స్పాట్లుంటాయి, ఓపికుండాలి. కన్వర్టిబుల్‌లో అద్దం ఫ్రేము కౌల్ మీదే నిలబడుతుంది, పైన పట్టుకునే కప్పు లేదు. కాబట్టి పాతరేకు గారి బ్రేసింగు ఉండగానే, ఫ్రేముకి కూడా రెండు ట్యూబులు తగిలించి కోయండి. ట్యూబులు లేకుండా కోస్తే ఫ్రేము వెనక్కి వాలిపోతుంది, తర్వాత టాపు ముందు లాచ్‌లు అందవు.

రెండో దారి, పై నుంచి ప్లాస్టిక్ టోపీ దూర్చి సీలర్‌తో అతికించడం. రాకర్‌కి ఇంత పని చేసేవాడికి అది వద్దు. కింద మళ్లీ కుళ్లడం కనిపించదు.

పాతనంబర్లు
రేకు కోసే ముందు ఇంకో సంగతి. విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఎడమ ఫెండర్ కింద ఏప్రన్ (ఇంజిన్ పక్కనుండే లోపలి రేకు) మీద కొట్టి ఉంటుంది, ఫెండర్ అంచులో గాడి లోంచి కనిపిస్తుంది. ఏప్రన్ మార్చాల్సి వస్తే ఆ ముక్క పోకూడదు. మీ నంబర్ 7తో మొదలై తర్వాత ప్లాంటు అక్షరం, డియర్‌బోర్న్ అయితే ఎఫ్, శాన్ హోజే అయితే ఆర్, మెటచెన్ అయితే టి. తర్వాత 03 ఉంటేనే అసలు కన్వర్టిబుల్. తలుపు ప్లేటులో 76తో మొదలయ్యే బాడీ కోడ్ ఉండాలి. ప్లేటు రివెట్లు ఊడదీయకండి. 1967 నుంచి ఫోర్డ్ తయారీ రికార్డులు ఉన్నాయి, మార్టీ రిపోర్ట్ తెప్పించుకుంటే ఏ రంగు, ఏ ఆప్షన్లతో పుట్టిందో తెలుస్తుంది.

289_తమ్ముడు
ఇంజిన్ గురించి ఎవరూ చెప్పట్లేదు, పాపం మూలన కూర్చుంది. ముందు ఇంజిన్ కట్టుకుని పెట్టుకుంటే ఉత్సాహం వస్తుంది. రేకు పని మూడేళ్లు చేస్తే మనిషి విసిగిపోతాడు.

నిదానం
అదే నేను వద్దనేది. నెమ్మదిగా చేసే ప్రాజెక్టులో పాడైపోయే వస్తువులన్నీ చివర రావాలి. కట్టిన ఇంజిన్ రెండేళ్లు స్టాండు మీద కూర్చుంటే క్యామ్ లోబుల మీద పూసిన లూబ్ కారిపోతుంది, రింగులు గోడకి అంటి తుప్పు గీత పెడతాయి, కొన్ని వాల్వ్ స్ప్రింగులు నొక్కుడులోనే ఉండిపోతాయి. గ్యాస్కెట్లు, పంపులు ముందే కొని పెట్టుకుంటే వారంటీ వాటి డబ్బాల్లోనే అయిపోతుంది, పార్టు తప్పని తేలే సమయానికి వెనక్కి తీసుకోరు. రేకులు మాత్రం ముందే కొనండి, కొన్నవి వచ్చిన రోజే బండి మీద ఆనించి చూడండి. రీప్రొడక్షన్ రేకులు రంధ్రం దగ్గర 3 మి.మీ. తేడాతో వస్తే ఆశ్చర్యపోవద్దు.

289_తమ్ముడు
నెలకోసారి క్రాంక్ చేత్తో తిప్పితే చాలు కదా.

నిదానం
ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి (రోలర్ లేని, లోబు మీద రాసుకుంటూ నడిచే పాత రకం) అది ఇంకా చెడ్డది. తిప్పిన ప్రతిసారీ లూబ్ తుడిచేస్తున్నట్టే, మొదటి స్టార్టులో లోబులు పొడిగా ఉంటాయి.

కార్బ్_కామేశం
జామ్ అయిన ఇంజిన్ మాత్రం ఇప్పుడే చూడొచ్చు, అది విప్పి తెలుసుకోవడమే కానీ కట్టడం కాదు. ప్లగ్గులు తీయండి, వాల్వ్ కవర్లు తీసి రాకర్ ఆర్మ్‌లు (వాల్వ్‌లని నొక్కే మీటలు, తలుపు కింది రాకర్ కాదు) వదులు చేయండి. ఇరుక్కున్నది పిస్టన్ కాక వాల్వ్ అయితే బలవంతంగా తిప్పినప్పుడు పుష్‌రాడ్ వంగుతుంది. ప్రతి సిలిండర్‌లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్), అసిటోన్ సమపాళ్లలో కలిపి 30 మి.లీ., వారం ఆగండి. అసిటోన్ ఆవిరి నిప్పుకి దూరంగా ఉండాలి, వెల్డింగ్ జరిగే షెడ్డులో ఇది పెట్టొద్దు. తర్వాత క్రాంక్ బోల్టుకి పొడుగు బార్ తగిలించి ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం. స్టార్టర్ వాడొద్దు. కదలకపోతే హెడ్లు విప్పడమే.

తుప్పు_గుర్రం
హెడ్లు విప్పాక మళ్లీ బిగించేటప్పుడు?

కార్బ్_కామేశం
289కి మూడు దఫాలు, 50, 60, ఆపైన 65 నుంచి 72 ఫుట్ పౌండ్లు, మధ్య బోల్టుల నుంచి బయటికి. మెయిన్ క్యాపులు 60 నుంచి 70, కనెక్టింగ్ రాడ్లు 19 నుంచి 24. క్యాపు కింద ప్లాస్టిగేజ్ (నలిగే సన్నటి ప్లాస్టిక్ దారం) ముక్క పెట్టి టార్క్ చేసి విప్పి చూడండి, పరచుకున్న వెడల్పుని దాని కవరు మీది స్కేలుతో పోలిస్తే క్లియరెన్సు తెలుస్తుంది. ఆ ముక్క ఉన్నప్పుడు క్రాంక్ తిప్పొద్దు, పులిమి పోతుంది.

స్టార్టుకి ముందు ఆయిల్ ప్రైమింగు తప్పనిసరి. డిస్ట్రిబ్యూటర్ తీసి, పావు అంగుళం హెక్స్ రాడ్‌ని డ్రిల్‌కి తగిలించి పంపుని గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి. రాకర్ ఆర్మ్‌ల దాకా ఆయిల్ వచ్చేసరికి డ్రిల్ బరువెక్కుతుంది, చేతికే తెలుస్తుంది. ఫైరింగ్ వరుస 1-5-4-2-6-3-7-8. కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే అంటుకున్న మరుక్షణం 2000 నుంచి 2500 ఆర్‌పీఎం, 20 నిమిషాలు, ఐడిల్‌కి దించొద్దు. జింకు ఎక్కువున్న బ్రేక్ ఇన్ ఆయిల్ వాడండి, మామూలు కొత్త రకం ఆయిల్‌తో లోబు మొదటి రోజే అరిగిపోవచ్చు.

అందుకే టైమింగు, పెట్రోలు, కూలెంటు అన్నీ ముందే సరిచూసుకోండి. స్టార్టర్‌తో పావుగంట గుర్రుగుర్రుమనిపిస్తే క్యామ్ పోయినట్టే.

పాతనంబర్లు
ఇగ్నిషన్ వైరింగు మారుస్తుంటే డ్యాష్ హార్నెస్‌లో పింక్ వైరు చూసుకోండి, అది రెసిస్టెన్స్ వైరు. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకునే కాంటాక్టులు) వాడితే ఉండాలి, తీసేసి నేరుగా 12 వోల్టులిస్తే పాయింట్లు కాలిపోతాయి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి మారితే కిట్ ఏం చెబితే అది. ఒక పాత వైరు తీసి కొత్త మామూలు వైరు జాయింట్ వేసే వాళ్ల వల్ల ఎన్ని కాయిల్స్ పోయాయో.

టాపు_తీసేస్తా
నా వంతు. టాపు. మోటారు గుయ్యిమంటూ కదలకపోతే ద్రవం తక్కువ లేదా గాలి చేరింది. మోటారు పలకకపోతే రిలే, ఎర్త్. మీది మొదటిది. అయినా ఇప్పుడే ద్రవం పోసి నొక్కకండి. ముందు రెండు సిలిండర్ల పిన్నులు తీసి ఫ్రేముని ఇద్దరు చేత్తో లేపి దించండి. చేత్తో కదలనిది పంపు బలవంతంగా తోస్తే కీళ్లు వంగుతాయి. బుష్‌లు అరిగి ఉంటే అప్పుడే తెలుస్తుంది. సిలిండర్ రాడ్ దగ్గర తడి ఉంటే సీలు పోయింది. ద్రవం ఏటీఎఫ్. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బుతాయి. నింపే ప్లగ్గు తీసి ఉంచి మూడు నాలుగుసార్లు పైకీ కిందికీ నడిపితే గాలి పోతుంది, మధ్యమధ్యలో టాప్‌అప్.

అసలు చెప్పాల్సింది వరుస. మొదట తలుపులు, తర్వాత టాపు ఫ్రేము సర్దుబాటు, తర్వాత పక్క అద్దాలు, తర్వాత వెదర్‌స్ట్రిప్పులు. గుడ్డ అన్నిటికన్నా చివర. కొత్త గుడ్డ వేశాక అద్దం పైన సందు కనిపిస్తే గుడ్డ మళ్లీ విప్పాల్సిందే. గుడ్డ పక్క అంచుల్లో సన్నటి కేబుల్ దూర్చి ఉంటుంది, దాన్ని వదులుగా బిగిస్తే స్పీడులో టాపు పక్కలు డప్పు కొడతాయి. స్టేపుల్స్ స్టెయిన్‌లెస్ వాడండి, మామూలువి గుడ్డ మీద తుప్పు చారలు దింపుతాయి. వేశాక నాలుగైదు రోజులు లాచ్ వేసి మూసే ఉంచండి.

గ్యారేజీ_గూబ
పెట్రోలు ట్యాంకు మర్చిపోయారు. దీని ట్యాంకు పైభాగమే డిక్కీ ఫ్లోరు. డిక్కీలో వెల్డింగ్ పెట్టే ముందు ట్యాంకు బయటికి వచ్చి తీరాలి. ట్యాంకుకే వెల్డింగ్, ఎంత కడిగినా, చేయొద్దు.

చాసీ_రాజు
స్ప్రింగులు, గట్టి బోల్టులు తుప్పు వదిలించడానికి యాసిడ్‌లో నానబెట్టకండి. హైడ్రోజన్ పట్టి పెళుసై పగులుతాయి. చిన్న బ్రాకెట్లకి వాషింగ్ సోడా ఎలక్ట్రోలిసిస్ సుఖం, రెండో వైపు మామూలు ఇనుము పెట్టాలి, స్టెయిన్‌లెస్ పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి వస్తుంది.

తుప్పు_గుర్రం
అయితే నా వరుస ఇదీ. ఈ నెల విప్పడం, ఫొటోలు, బోల్టులు సంచుల్లో చోటు రాసి. బరువుతోనే స్టాండ్ల మీద నిలిపి బ్రేసింగు, టర్న్‌బకిల్‌తో సందు 5కి తెచ్చి ఫిక్స్. ఆ తర్వాత ఇంజిన్ బయటికి. ఎడమ లోపలి రాకర్, ముందు టార్క్ బాక్సు, ఫ్లోరు, ఆ తర్వాత కౌల్. ఇంజిన్ విప్పి కొలిచి మూలన కప్పి పెడతా, కట్టేది పెయింటు అయ్యాక. బయటి రాకర్ ఎప్పుడు?

వెల్డు_వెంకడు
లోపలివన్నీ అయ్యి, తలుపు మూసి తెరిచి సందు కదల్లేదని చూశాక. బయటి రాకర్ ముందే మూసేస్తే లోపల ప్రైమర్, మైనం కొట్టడానికి దారి ఉండదు. డ్రైన్ చిల్లులు మూసుకుపోకుండా చూసుకోండి, సీలర్ వేసే ఊపులో అవే ముందు పోతాయి. బ్రేసులు మాత్రం బయటి రాకర్ కూడా వెల్డయ్యి, చల్లారి, బండి తిరిగి చక్రాల మీదికి వచ్చాకే కోయండి.

పాతరేకు
డయాగనల్ కొలతలు రాకర్ మీద చాక్‌పీస్‌తో రాయకండి, ఆ రాకరే కోస్తారు. ఫైర్‌వాల్ మీద పెయింట్ మార్కర్‌తో రాయండి.